కాయిల్ లేని కరెంటు: చిన్న బ్యాటరీకి ఉన్న దారులు

రాస్ప్‌బెర్రీ పై సంస్థ 2021లో తెచ్చిన పికో బోర్డు మీద ఆర్‌పీ2040 అనే చిప్ ఉంటుంది. దాని లోపలి ప్రాసెసర్ నడవడానికి 1.1 వోల్టు చాలు. బయటి నుంచి అందేది 3.3. మధ్యనున్న తేడాను చిప్‌లోనే ఉన్న ఒక లీనియర్ రెగ్యులేటర్ వేడిగా మార్చి వదిలేస్తుంది. అంటే ఆ దారిన వెళ్ళిన ప్రతి మూడు పాళ్ళ శక్తిలో రెండు పాళ్ళు వృథా. 2024లో వచ్చిన ఆర్‌పీ2350లో ఈ పద్ధతి మార్చి, కరెంటును తెంపి తెంపి కాయిల్ గుండా పంపే స్విచింగ్ రెగ్యులేటర్ పెట్టారు. దాంతో బోర్డు మీదికి 2 మిల్లీమీటర్ల పొడవున్న ఓ బుల్లి కాయిల్ వచ్చింది, దాని వెంట కొత్త తలనొప్పీ వచ్చింది. కాయిల్‌ను ఏ వైపు తిప్పి అతికించారన్నదాన్ని బట్టి దాని అయస్కాంత క్షేత్రం పక్కనున్న సర్క్యూట్‌ను కలతపెడుతోందని తేలింది. చివరికి ఏ కొస ఎటుండాలో తెలిసేలా గుర్తు వేసిన కాయిల్‌ను విడిభాగాల కంపెనీతో ప్రత్యేకంగా చేయించుకోవాల్సి వచ్చింది.

విద్యుత్తు పొదుపు కావాలంటే కాయిల్ కావాలి, కాయిల్ వస్తే దాని గోల భరించాలి. బ్యాటరీతో నడిచే చిన్న పరికరాలు చేసేవాళ్ళను దశాబ్దాలుగా వేధిస్తున్న పేచీ ఇదే. కాయిల్ మిగతా భాగాలకన్నా ఎత్తుగా ఉంటుంది, ఖరీదెక్కువ, రేడియోకు చెవిపోటు. ట్రాన్సిస్టర్లను సిలికాన్‌లో కోట్ల సంఖ్యలో ముద్రించవచ్చు. ఒక మంచి కాయిల్‌ను అలా ముద్రించడం ఇప్పటికీ కష్టమే. అందుకే దాని జోలికి పోకుండా వోల్టేజీని అదుపులో పెట్టే మార్గాలు వెతికారు. అవి చాలా ఉన్నాయి. ఎక్కడ ఏది పనికొస్తుందన్నదే అసలు ప్రశ్న.

బ్యాటరీ గుణం

బ్యాటరీ మీద రాసి ఉన్న వోల్టేజీ ఒక సగటు మాత్రమే. ఫోన్‌లో ఉండే లిథియం అయాన్ సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది, ఎక్కువ సేపు 3.7 ప్రాంతంలో నిలుస్తుంది, 3 దగ్గరికి వచ్చేసరికి ఖాళీ. ఆల్కలైన్ పెన్సిల్ సెల్ 1.5తో మొదలై 0.9 దాకా నెమ్మదిగా జారుతుంది. నాణెం ఆకారపు సీఆర్2032 సెల్ కొత్తలో 3 వోల్టులు, చివర్లో 2. చెవి మిషన్లలో వాడే జింక్-ఎయిర్ సెల్ 1.4. చిప్‌లకేమో 3.3, 1.8, 1.1 లాంటి స్థిరమైన అంకెలు కావాలి.

రెగ్యులేటర్ ఎంపికంతా ఈ రెండింటి మధ్య దూరం మీదే ఆధారపడుతుంది. ఆ దూరం ఎంత, సెల్ ఖాళీ అవుతున్నకొద్దీ అది ఎలా మారుతుంది, ఎంత కరెంటు లాగాలి అన్న మూడు సంగతులు తేలితే సగం పని అయినట్టే.

రెగ్యులేటరే వద్దు

అన్నిటికన్నా చవకైన రెగ్యులేటర్ అసలు లేని రెగ్యులేటరే. టీవీ రిమోట్ ఇందుకు మంచి ఉదాహరణ. రెండు పెన్సిల్ సెల్స్ వరసగా పెడితే కొత్తలో సుమారు 3.2 వోల్టులు, వాడి వాడి పారేసే నాటికి 1.8. చాలా మైక్రోకంట్రోలర్లు పనిచేసే హద్దులు 1.8 నుంచి 3.6 వోల్టులు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఎంఎస్‌పీ430 కుటుంబం దీనికి తెలిసిన ఉదాహరణ. రెండు సెల్స్ జీవితం మొత్తం ఆ హద్దుల్లో ఇమిడిపోతుంది కాబట్టి మధ్యలో ఏ భాగమూ అక్కర్లేదు.

లిథియం అయాన్‌తో ఈ ఉపాయం కుదరదు, 4.2 వోల్టులు అలాంటి చిప్‌ను కాల్చేస్తాయి. దాని చుట్టం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ మాత్రం ఆయుష్షులో ఎక్కువ భాగం 3.2, 3.3 మధ్యే నిలబడుతుంది. సొంతంగా సెన్సర్లు తయారు చేసుకునేవాళ్ళు దాన్ని నేరుగా చిప్‌కు కలపడం అందుకే.

నాణెం సెల్స్‌తో ఇంకో చిక్కు. కొత్త సీఆర్2032 లోపలి నిరోధం పది ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది, సెల్ అరిగే కొద్దీ అది కొన్ని రెట్లు పెరుగుతుంది. బ్లూటూత్ రేడియో ఒక్క క్షణం 15 మిల్లీఆంపియర్లు లాగిందనుకుందాం. నిరోధం 10 ఓమ్‌లైతే 0.15 వోల్టు తగ్గుతుంది, ఫర్వాలేదు. అదే 50 ఓమ్‌లైతే 0.75 వోల్టు పడిపోతుంది, చిప్ రీసెట్ అయిపోతుంది. సెల్‌లో ఇంకా చార్జి ఉంటుంది, అయినా పరికరం చచ్చినట్టే కనిపిస్తుంది. దీనికి మందు సెల్ పక్కన వంద మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టడం. క్షణకాలపు దప్పిక అది తీరుస్తుంది, సెల్ దాన్ని తీరిగ్గా నింపుతుంది.

లీనియర్ రెగ్యులేటర్: పాత కాపు

ఎలక్ట్రానిక్స్ చదివిన ప్రతివాళ్ళూ 7805ను ముట్టుకునే ఉంటారు. మూడు కాళ్ళు, 5 వోల్టుల అవుట్‌పుట్. బాబ్ విడ్లర్ నేషనల్ సెమీకండక్టర్ కోసం రూపొందించిన ఎల్‌ఎం309 ఈ జాతికి పెద్దన్న. వాటికో షరతుంది: లోపలికి వచ్చే వోల్టేజీ బయటికి వెళ్ళేదానికన్నా సుమారు 2 వోల్టులు ఎక్కువుండాలి. ఈ తేడానే డ్రాపౌట్ అంటారు. గోడ ప్లగ్గు నుంచి తీసుకునేవాళ్ళకు అది లెక్కలోకి రాదు. ఒక్క సెల్ మీద బతికే పరికరానికి 2 వోల్టులంటే సగం ఆస్తి.

ఆ షరతును సడలించినవే తక్కువ డ్రాపౌట్ రెగ్యులేటర్లు, అందరూ పిలిచే పేరుతో ఎల్‌డీఓలు. లోపలి ప్రధాన ట్రాన్సిస్టర్‌ను ఎన్‌పీఎన్ నుంచి పీఎన్‌పీకి, ఆ తర్వాత పీ-చానల్ మాస్‌ఫెట్‌కు మార్చడంతో తేడా వంద, రెండొందల మిల్లీవోల్టులకు తగ్గింది. మాస్‌ఫెట్ గేటు కరెంటు తాగదు కాబట్టి రెగ్యులేటర్ సొంత ఖర్చూ కుదించుకుపోయింది.

ఎల్‌డీఓ దక్షత లెక్క చాలా తేలిక: బయటి వోల్టేజీని లోపలి వోల్టేజీతో భాగిస్తే చాలు. 3.7 నుంచి 3.3 తీస్తే 89 శాతం. కాయిల్ పెట్టిన చాలా సర్క్యూట్లు ఇంతకన్నా పెద్దగా మెరుగేమీ చేయవు. 3.7 నుంచి 1.8 తీస్తే మాత్రం 49 శాతమే. అంటే లీనియర్ రెగ్యులేటర్ శక్తిని వృథా చేస్తుందన్న పేరు సగమే నిజం. దగ్గరి దూరాలకు అది ఎంతో పొదుపరి.

దాన్ని చెడగొట్టేది తప్పు ఎంపిక. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ప్రాజెక్టు సామాన్ల కోసం తిరిగే ఇంజనీరింగ్ విద్యార్థులకు ఏఎంఎస్1117 బాగా తెలుసు. మార్కెట్లో దొరికే చాలా ఈఎస్‌పీ32 బోర్డుల మీద ఉండేది అదే. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులను 3.3 చేయడానికి అది చక్కగా సరిపోతుంది. అదే బోర్డును లిథియం సెల్‌తో నడిపితే కథ మారిపోతుంది. దాని డ్రాపౌట్ వోల్టుకు పైమాటే, 3.3 నిలబెట్టాలంటే లోపలికి సుమారు 4.4 అందాలి. నిండా చార్జి చేసిన సెల్ కూడా 4.2 దాటదు. వైఫై ఆన్ అయి, చిప్ క్షణకాలం 240 మిల్లీఆంపియర్ల దాకా లాగగానే వోల్టేజీ కుంగుతుంది. స్క్రీన్ మీద ‘బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్’ అన్న వాక్యం ప్రత్యక్షం. విద్యార్థి కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటాడు.

ఇంతకన్నా పెద్ద దొంగ ఇంకొకటుంది. ఏఎంఎస్1117 ఏ పనీ లేనప్పుడు కూడా తన కోసం తాను సుమారు 5 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. గాఢనిద్రలో ఈఎస్‌పీ32 చిప్ వాడేది 10 మైక్రోఆంపియర్ల చొప్పునే. కాపలాదారుడి జీతం యజమాని ఖర్చుకు 500 రెట్లన్నమాట. 2,000 మిల్లీఆంపియర్-అవర్ల సెల్‌ను ఆ రెగ్యులేటర్ ఒక్కటే 400 గంటల్లో, అంటే పదిహేడు రోజుల్లోపే ఖాళీ చేస్తుంది. మైక్రోచిప్ వారి ఎంసీపీ1700 ఖర్చు 1.6 మైక్రోఆంపియర్లు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీపీఎస్7ఏ02 ఖర్చు 25 నానోఆంపియర్లే. ఈ స్థాయిలో రెగ్యులేటర్ తాగేదానికన్నా సెల్ తనంతట తాను కోల్పోయేదే ఎక్కువ. అయితే ఎంసీపీ1700 ఇవ్వగలిగేది 250 మిల్లీఆంపియర్లే. వైఫై చిప్‌కు తయారీదారు సూచించేది 500 ఇవ్వగల సరఫరా. నిద్రలో ఖర్చు, మెలకువలో బలం రెండూ చూసి ఎంచుకోవాలి.

లీనియర్‌కు ఇంకో గొప్పతనం నిశ్శబ్దం. ఎల్‌టీ3042 అనే చిప్ 10 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా కలిపి పుట్టించే శబ్దం 0.8 మైక్రోవోల్టులే. రేడియో ఆసిలేటర్లు, ఈసీజీ లాంటి సున్నితమైన కొలతలు తీసే సర్క్యూట్లు ఇలాంటి సరఫరా కోరుకుంటాయి. అందుకే స్విచింగ్ రెగ్యులేటర్ వాడిన చోట కూడా దాని వెనక ఓ ఎల్‌డీఓను శుభ్రం చేసే పనికి పెడుతుంటారు.

చార్జ్ పంప్: కెపాసిటర్ల మోత

ఎల్‌డీఓ వోల్టేజీని తగ్గించగలదు, పెంచలేదు. తలకిందులు చేసి మైనస్‌గా మార్చనూ లేదు. ఈ రెండు పనులూ కాయిల్ లేకుండా చేసేది చార్జ్ పంప్. దాని పద్ధతి బావి నుంచి తొట్టికి బిందెలతో నీళ్ళు మోయడం లాంటిది: ఒక కెపాసిటర్‌ను బ్యాటరీకి కలిపి నింపుతారు, అక్కడి నుంచి విడదీసి ఇంకోచోట కుమ్మరిస్తారు, క్షణానికి వేలసార్లు. నిండిన కెపాసిటర్‌ను బ్యాటరీ నెత్తిన నిలబెడితే వోల్టేజీ రెట్టింపు. తిరగేసి కలిపితే మైనస్. రెండు కెపాసిటర్లను వరసగా నింపి పక్కపక్కన పెట్టి తీసుకుంటే సగం.

ఈ ఆలోచన కొత్తది కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన హైన్రిఖ్ గ్రైనాకర్ వందేళ్ళ కిందటే డయోడ్లు, కెపాసిటర్ల నిచ్చెనతో వోల్టేజీ పెంచే మార్గం చూపారు. 1932లో కేంబ్రిడ్జ్‌లో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ అదే నిచ్చెనతో లక్షల వోల్టులు పుట్టించి, ప్రోటాన్లను ఉరికించి లిథియం పరమాణు కేంద్రకాన్ని బద్దలుకొట్టారు. 1951లో ఆ పనికి నోబెల్ వచ్చింది. ఆ నిచ్చెనను చిప్ లోపలికి సరిపోయేలా మార్చిన ఘనత జాన్ డిక్సన్‌ది. ఆయన 1976లో ప్రచురించిన సర్క్యూట్ మెమరీ చిప్‌ల రాతకు కావలసిన ఎక్కువ వోల్టేజీ కోసం పుట్టింది. ఇప్పటికీ ఫ్లాష్ మెమరీలో ఒక ఫొటో భద్రపరచిన ప్రతిసారీ చిప్ లోపలి చార్జ్ పంప్ ఇరవై వోల్టుల దాకా పైకెత్తాల్సిందే.

విడి చిప్‌గా దీన్ని ఇంటింటికీ చేర్చింది 1980ల తొలినాళ్ళలో ఇంటర్‌సిల్ తెచ్చిన ఐసీఎల్7660. రెండు కెపాసిటర్లు తగిలిస్తే ప్లస్ 5 వోల్టులను మైనస్ 5 చేసి పెట్టేది. తర్వాత మాక్సిమ్ సంస్థ మ్యాక్స్232 తెచ్చింది. కంప్యూటర్ సీరియల్ పోర్టుకు కావలసిన ప్లస్, మైనస్ 10 వోల్టులను ఒక్క 5 వోల్టుల సరఫరా నుంచే పుట్టించడం దాని ప్రత్యేకత. ఆ రోజుల్లో ఎంబెడెడ్ బోర్డు మీద నాలుగు కెపాసిటర్లు వరసగా కనిపిస్తే పక్కనే మ్యాక్స్232 ఉన్నట్టే.

ఇవాళ చార్జ్ పంపులు మన చుట్టూ కనిపించకుండా పనిచేస్తున్నాయి. హాబీ ప్రాజెక్టుల్లో వాడే 0.96 అంగుళాల ఓఎల్‌ఈడీ స్క్రీన్‌లో ఎస్‌ఎస్‌డీ1306 అనే చిప్ ఉంటుంది. బయటి నుంచి 3.3 వోల్టులే అందినా, రెండు చిన్న కెపాసిటర్ల సాయంతో 7.5 వోల్టులు తానే చేసుకుంటుంది. ప్రోగ్రాములో 0x8డీ అన్న కమాండ్ పంపడం మరిచిపోతే ఆ పంపు మొదలవదు, స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది. ఫోన్‌లోని మెమ్స్ మైక్రోఫోన్‌లో పలుచటి పొరకు కావలసిన బయాస్ వోల్టేజీ ఇచ్చేదీ చార్జ్ పంపే.

పళ్ళచక్రం లాంటి దక్షత

దీని లోపం భౌతికశాస్త్రంలోనే ఉంది. ఖాళీ కెపాసిటర్‌ను బ్యాటరీకి కలిపితే, బ్యాటరీ ఇచ్చిన శక్తిలో సగం దారిలోనే వేడైపోతుంది. తీగ ఎంత మంచిదైనా ఈ లెక్క మారదు. అయితే ఇందులోనే ఉపాయమూ ఉంది. నష్టం వోల్టేజీ తేడా వర్గాన్ని బట్టి ఉంటుంది. కెపాసిటర్‌ను ప్రతిసారీ పూర్తిగా ఖాళీ చేయకుండా కాస్త దించి, కాస్త నింపుతుంటే నష్టం నామమాత్రం. అందుకు పెద్ద కెపాసిటర్ కావాలి, లేదా స్విచ్‌లు వేగంగా ఆడాలి. ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను సెకనుకు పది లక్షల సార్లు ఆడిస్తే అది ఒక ఓమ్ నిరోధంలా ప్రవర్తిస్తుంది. పాత ఐసీఎల్7660 స్విచ్‌లు నిదానం. దాని నిరోధం 55 ఓమ్‌ల దాకా ఉండేది. 20 మిల్లీఆంపియర్లు లాగగానే మైనస్ 5 కాస్తా మైనస్ 3.9 అయ్యేది.

రెండో పరిమితి నిష్పత్తులది. చార్జ్ పంప్‌కు రెట్టింపు, సగం, ఒకటిన్నర, మూడింట రెండు లాంటి సరళమైన నిష్పత్తులే చేతనవును. 3.7 వోల్టుల సెల్ నుంచి 1.8 కావాలనుకుందాం. సగం చేస్తే 1.85, మిగతా ఆ కొంచెం తగ్గిస్తే దక్షత ఆదర్శంగా 97 శాతం. ఎల్‌డీఓ ఇదే పనికి 49 శాతం దగ్గర ఆగిపోయింది. సెల్ 3.5కు దిగిందనుకోండి, సగం 1.75 అవుతుంది, చాలదు. మూడింట రెండు నిష్పత్తికి మారాలి: 2.33 నుంచి 1.8, దక్షత 77కు పడిపోతుంది. సెల్ ఖాళీ అవుతుంటే దక్షత రేఖ రంపపు పళ్ళలా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.

ఈ పళ్ళను తెలివిగా వాడుకున్నవి 2000ల నాటి కలర్ స్క్రీన్ ఫోన్లు. తెల్ల ఎల్‌ఈడీకి దాదాపు 3.3 వోల్టులు కావాలి. సెల్ నిండుగా ఉన్నంతసేపు డ్రైవర్ చిప్ నేరుగా కలిపేది, దిగాక ఒకటిన్నర రెట్లకు మారేది, మరీ దిగితే రెట్టింపుకు. స్క్రీన్లు పెద్దవై ఎల్‌ఈడీలను వరసగా కలపాల్సి వచ్చేసరికి ఇరవై వోల్టులకు పైగా కావలసి, ఆ పని మళ్ళీ కాయిల్ చేతికే వెళ్ళింది.

డిజైనర్లు మరిచిపోయే మూడో సంగతి కెపాసిటర్ మీద రాసిన విలువ. ఎక్స్5ఆర్ రకం బుల్లి సిరామిక్ కెపాసిటర్ మీద 10 మైక్రోఫారడ్లని ఉన్నా, దాని రేటింగ్‌కు దగ్గరి వోల్టేజీ పెట్టగానే సగానికి పైగా పోగొట్టుకోవడం మామూలే. బొమ్మ గీసేటప్పుడు సరిపోయిన పంపు బోర్డు మీద బలహీనపడటానికి తరచూ ఇదే కారణం.

ఫోన్‌లోకి వచ్చిన వంద వాట్లు

చార్జ్ పంప్ అంటే కొద్ది మిల్లీఆంపియర్ల వ్యవహారమన్న అభిప్రాయాన్ని ఫాస్ట్ చార్జింగ్ తుడిచిపెట్టింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బీక్యూ25970 అనే చిప్ అడాప్టర్ నుంచి వచ్చే వోల్టేజీని సగం చేసి, కరెంటును రెట్టింపు చేసి, 8 ఆంపియర్ల వరకు నేరుగా సెల్‌లోకి పంపుతుంది. దక్షత 97 శాతం దాకా. 2020లో షావోమీ తెచ్చిన 120 వాట్ల మీ 10 అల్ట్రా కూడా ఈ దారిలోదే: వైరులో 20 వోల్టులు 6 ఆంపియర్లు వస్తే, లోపలి పంపులు దాన్ని 10 వోల్టులు 12 ఆంపియర్లుగా మార్చి వరసగా ఉన్న రెండు సెల్స్‌కు ఇస్తాయి. వైరులో కరెంటు సగమైతే అందులో పుట్టే వేడి నాలుగో వంతే.

పలుచటి ఫోన్‌లో ఇంత శక్తిని కాయిల్‌తో మారిస్తే వేడి పట్టుకోలేం. సిరామిక్ కెపాసిటర్ అదే పరిమాణపు కాయిల్‌కన్నా వందల రెట్లు ఎక్కువ శక్తిని దాచగలదన్నది ఇక్కడ కలిసొచ్చింది.

ఇందులో ఒక కిటుకుంది. సగం చేసే పంపు సగం మాత్రమే చేస్తుంది; సెల్ వోల్టేజీ పెరుగుతుంటే సర్దుకోవడం దానికి రాదు. ఆ సర్దుబాటు గోడకున్న అడాప్టర్ చేస్తుంది. యూఎస్‌బీ పవర్ డెలివరీలోని పీపీఎస్ పద్ధతిలో ఫోన్ అడిగిన కొద్దీ అడాప్టర్ 20 మిల్లీవోల్టుల మెట్లతో తన వోల్టేజీ మారుస్తుంది. కాయిల్, ట్రాన్స్‌ఫార్మర్ మాయం కాలేదు, జేబులోంచి గోడ మీదికి వెళ్ళాయి. అడాప్టర్ మారిస్తే అదే ఫోన్ నిదానంగా చార్జ్ కావడానికి ఒక కారణం ఇదే.

చిప్ లోపల కూడా ప్రయత్నాలు ముందుకెళ్ళాయి. 2010లో ఐబీఎం పరిశోధకులు సిలికాన్‌లో లోతైన గుంటలు తవ్వి వాటిలో కెపాసిటర్లు నింపి, వోల్టేజీని సగం చేసే పంపును 90 శాతం దక్షతతో పూర్తిగా చిప్‌లోనే చూపించారు. చదరపు మిల్లీమీటరుకు 2.3 ఆంపియర్లు ఇవ్వగల పంపు అది. ఇంకో దారి రాజీ మార్గం: మోటు విభజన కెపాసిటర్లకు, తుది సర్దుబాటు చిన్న కాయిల్‌కు అప్పగించే హైబ్రిడ్ సర్క్యూట్లు. వీటిలో కాయిల్ పూర్తిగా పోదు, బాగా చిక్కిపోతుంది.

కాయిల్ గెలిచే చోటు

కాయిల్‌ను తీసేయడమే గొప్ప అనుకుంటే పొరపాటే. నోర్డిక్ సంస్థ ఎన్‌ఆర్‌ఎఫ్52832 బ్లూటూత్ చిప్‌లో రెండు రెగ్యులేటర్లూ ఉన్నాయి, ఏది కావాలో డిజైనర్ ఇష్టం. 3 వోల్టుల సరఫరా మీద సిగ్నల్ పంపేటప్పుడు ఎల్‌డీఓతో 11.6 మిల్లీఆంపియర్లు లాగే చిప్, బయట రెండు బుల్లి కాయిల్స్ పెట్టి స్విచింగ్ పద్ధతికి మారిస్తే 5.3తో సరిపెట్టుకుంటుంది. నాణెం సెల్ మీద నడిచే పరికరానికి ఇది ప్రాణవాయువు. ఆర్‌పీ2350 డిజైనర్లు కాయిల్ గోలను భరించడానికి సిద్ధపడిందీ ఇలాంటి లెక్కతోనే. ఒక్క ఆల్కలైన్ సెల్ నుంచి 3.3 వోల్టులు, వంద మిల్లీఆంపియర్లకు పైగా కావాలన్నా, ఇన్‌పుట్ విపరీతంగా మారుతున్నా కాయిల్‌కు సాటి లేదు.

మొత్తం చూస్తే తీర్పు ఇది. చిప్ హద్దుల్లోనే సెల్ జీవితం ఇమిడితే రెగ్యులేటర్ అక్కర్లేదు. తేడా అర వోల్టు లోపైతే మాస్‌ఫెట్ ఎల్‌డీఓను మించినది లేదు. పెంచాలన్నా, మైనస్ చేయాలన్నా, కావలసింది సెల్ వోల్టేజీకి సరళ నిష్పత్తిలో ఉన్నా చార్జ్ పంప్. ఈ మూడింటికీ లొంగని చోటే కాయిల్ పెట్టాలి. బ్యాటరీ మీద నడిచే పరికరం చేయబోయే విద్యార్థులు డేటాషీటు తెరవగానే మొదటి పేజీలో కొట్టొచ్చినట్టు రాసే గరిష్ఠ దక్షతను పక్కన పెట్టి, క్వీసెంట్ కరెంటు (ఏ పనీ లేనప్పుడు రెగ్యులేటర్ తన కోసం తీసుకునేది) ఎంత, డ్రాపౌట్ ఎంత అన్న రెండు వరసలు ముందు చదవాలి. తమ పరికరం నిద్రపోయే గంటలెన్నో, మేలుకునే క్షణాలెన్నో కాగితం మీద రాసుకుని, ఆ గంటలను క్వీసెంట్ కరెంటుతో గుణించి, డ్రాపౌట్‌ను సెల్ చివరి వోల్టేజీతో సరిచూసుకుంటే, కొనాల్సిన భాగమేదో దుకాణానికి వెళ్ళకముందే తెలిసిపోతుంది.